ఒక నోరు తక్కువ

రావులకొల్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోమవారం ఉదయం ప్రతిజ్ఞకు చాచిన చేతులన్నీ లెక్కకు సరిపోయాయి గానీ, కదలాల్సిన నోళ్లలో ఒక నోరు తక్కువైంది.

కనిపెట్టింది మనిషి కాదు. గేటు పక్కన మూడుకాళ్ల స్టాండు మీద నిలబెట్టిన ట్యాబ్. దాని తెర ఒక్కసారిగా ఎర్రబడి, కుక్కర్ విజిల్ లాంటి కూత పెట్టింది. ఆ కూతకు వేదిక మీదున్న హెడ్మిస్ట్రెస్ కాత్యాయని హడలిపోయింది. సైన్సు గదిలో తాచుపాము దూరిన రోజున కూడా ఆమెకు ఇంత భయం వేయలేదు. పాముకైతే కర్ర ఉంటుంది. దీనికి వివరణ ఇచ్చుకోవాలి.

మరుగుదొడ్లకు ఒక యాప్, మధ్యాహ్నం గుడ్లకు ఒక యాప్ అప్పటికే ఉన్నాయి. కొత్తగా వచ్చింది దేశభక్తి సూచిక. ఉదయం ప్రార్థన సమావేశంలో చాచిన చేతులెన్ని, కదిలిన నోళ్లెన్ని అని అది లెక్కపెడుతుంది. రెండూ సమానమైతే తెర పచ్చబడుతుంది. లేకపోతే ఎర్రబడుతుంది. ఆ కదలని నోరు ఎవరిదో మాత్రం చెప్పదు. పిల్లల గోప్యత దృష్ట్యా, లెక్క పూర్తికాగానే బొమ్మను చెరిపేస్తుంది. హత్య జరిగిందని కేకవేసి, నెత్తుటి మరకలు తనే కడిగేసే సాక్షి అన్నమాట.

"ఎవరది?" అన్నారు దండు పట్టాభిరామయ్య గారు.

ఆయన మండలానికి దేశభక్తి నోడల్ అధికారి. ఆ ఉదయం యాప్‌ను ప్రారంభించడానికి ముఖ్య అతిథిగా వచ్చి, వేదిక మధ్యలో, జెండా కర్ర పక్కన, చేయి నిటారుగా చాచి నిలబడ్డారు. ట్యాబ్‌ను గేటు దగ్గర పెట్టించింది కూడా ఆయనే. అక్కడి నుంచి మైదానం, వేదిక రెండూ దానికి కనపడతాయి. "అటెండరు మొదలుకొని అధికారి వరకు అందరూ లెక్కలోకి రావలెను. దేశభక్తికి హోదా లేదు" అని అంతకు ముందే ప్రసంగించారు.

"ఎవరూ బయటికి పోరాదు! గేటు మూయించండి!"

"మూసే ఉంది సార్," అన్నాడు డ్రిల్లు మాస్టారు మస్తాన్‌వలి. "గేదెలొస్తన్నాయని."

గేదెల మాట రాగానే పిల్లల్లో చిన్న నవ్వు పాకింది. ఆ నవ్వుకు కారణం ఉంది. ఆ బళ్లో ప్రతిజ్ఞ పద్ధతి అన్ని బళ్లలో లాంటిదే. ఒకరు మైకు ముందు నిలబడి ఒక్కో ముక్క చెబుతారు, మిగతావాళ్లు ఆ ముక్కను తిరిగి అంటారు. మస్తాన్‌వలి దానికి ఒక నియమం చేర్చాడు. తను విజిల్ ఊది "విశ్రామ్" అనేదాకా చేయి దించకూడదు, మైకులో వచ్చిన ముక్క వచ్చినట్టు అనాలి, అంతే. కిందటేడు లెక్కల మాస్టారు ప్రతిజ్ఞ చెప్పిస్తుండగా గేదె ఒకటి లోపలికొచ్చింది. ఆయన గాబరాపడి, "ఒరేయ్, ఆ గేదెను తోలండ్రా" అన్నాడు. బడి యావత్తూ చేతులు చాచుకుని, దేశం దద్దరిల్లేలా, "ఒరేయ్, ఆ గేదెను తోలండ్రా!" అంది. గేదెను తోలినవాడు మాత్రం లేడు. అది నింపాదిగా కనకాంబరాలు మేసి వెళ్లింది.

పట్టాభిరామయ్య గారికి ఈ కథ తెలియదు. తెలిసినా నవ్వే మనిషి కాదు.

"మేడం," అన్నారు, "సదరు నోటిని శనివారంలోగా గుర్తించి నివేదించవలెను. గుర్తించబడిన విద్యార్థి జిల్లా కేంద్రంలోని దేశభక్తి పునశ్చరణ శిబిరమునకు పంపబడును. సూచిక పచ్చబడు వరకు అక్కడే ఉండవలెను."

"సార్, వచ్చేవారం పదో తరగతి పబ్లిక్ పరీక్షలు. పదో తరగతి పిల్లలెవరైనా అయితే?"

"పరీక్ష ఏటా వచ్చును. దేశం ఒక్కటే. పేరు ఇవ్వని పక్షంలో అనుమానితులుగా పదో తరగతి మొత్తము పంపబడును."

"పదో తరగతే ఎందుకు సార్?"

"వారి నోళ్లు పెద్దవి."

మంగళవారం దర్యాప్తు మొదలైంది. పట్టాభిరామయ్య గారు బడి మొత్తాన్ని కాక, తరగతి తరగతినీ విడిగా నిలబెట్టించారు. ఆరో తరగతి వచ్చింది. సువార్త మైకు ముందుకెళ్లి ప్రతిజ్ఞ చెప్పించింది. సువార్త పదో తరగతి పిల్ల. మైకు పాడైన రోజున కూడా గేటు అవతల కిళ్లీకొట్టుదాకా వినిపించే గొంతు ఆమెది. రోజూ చెప్పించేది ఆమే. పట్టాభిరామయ్య గారు వేదిక మీద చేయి చాచి, కళ్లు చికిలించి, ఒక్కొక్క నోటినీ పరీక్షగా చూశారు.

తెర ఎర్రబడింది. ఒక నోరు తక్కువ.

ఏడో తరగతి. ఒక నోరు తక్కువ. ఎనిమిది, తొమ్మిది, పది. ప్రతిసారీ అదే కూత, అదే లెక్క.

ఆయన కళ్లు మెరిశాయి. "అర్థమైందా మేడం? ఇది ఒకరి పని కాదు. తరగతికి ఒకరిని నియమించినారు. ఇది సంస్థాగతమైన మౌనం!"

చివరికి పిల్లల్ని పంపేసి టీచర్లను మాత్రమే నిలబెట్టారు. అప్పుడూ ఒక నోరు తక్కువ.

"ఉపాధ్యాయులలో కూడా!" అని ఆయన రుమాలుతో నుదురు తుడుచుకున్నారు. టీచర్లు ఒకరి మూతి వైపు ఒకరు అనుమానంగా చూసుకున్నారు. ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో అన్నం తినేటప్పుడు కూడా అందరూ నోరు బాగా కదిలిస్తూ నమిలారు.

బుధవారానికి పై ఆఫీసు నుంచి పరిష్కారం వచ్చింది. పిల్లలు ప్రతిజ్ఞ చేస్తున్నారో లేదో తేలనందున, తాము ప్రతిజ్ఞ చేస్తున్నామని ప్రతి విద్యార్థీ వేరుగా ఒక ప్రమాణం చేయాలి.

కాత్యాయని రెండుసార్లు చదువుకుంది. "ప్రతిజ్ఞ చేశామని ప్రమాణం. మరి ఆ ప్రమాణం మనసుపెట్టి చేశారని ఎట్లా తెలుస్తుంది సార్?"

"దానికి హామీ తీసుకొందుము. ఉత్తర్వు రావలసి ఉన్నది."

"ప్రమాణం దేనిమీద చేయించాలి?"

"ఎవరి విశ్వాసం వారిది. మతసామరస్యమునకు భంగం కలగరాదు."

వేదిక ముందు ఒక బల్ల వేశారు. దానిమీద మూడు మతాల గ్రంథాలూ మూడు పీటల మీద పెట్టారు. పిల్లలు వరసలు కట్టారు. మొదట అంతా సాఫీగానే సాగింది. తర్వాత బైబిలు ముందు వరస పొట్టిగా ఉందని తొమ్మిదో తరగతి మగపిల్లలు సగం మంది అటు దూరారు. దాంతో అది పొడుగై, ఖురాను వరస పొట్టిదైంది. వాళ్లు ఇటు మళ్లారు. సినిమా టికెట్ల దగ్గర లాగా తోపులాట. పట్టాభిరామయ్య గారు "మతము మారువారు ముందుగా తెలియజేయవలెను!" అని అరిచారు.

"సార్, మాకు పోలేరమ్మ," అన్నదొక ఆరో తరగతి పిల్ల. "పోలేరమ్మకు పుస్తకం లేదు."

"యాప్‌లో పోలేరమ్మ లేదు. ఇతరములు నొక్కండి."

"మా అమ్మకు తెలిస్తే తంతది సార్, పోలేరమ్మను ఇతరములు అన్నారని."

తర్వాతి కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మా నాయన హేతువాది సార్. నేను దేనిమీద పెట్టాల?"

ఆయన క్షణం తడబడి, "భౌతికశాస్త్రం మీద" అన్నారు. పుస్తకం తెచ్చారు. కుర్రాడు దాని మీద చేయిపెట్టి, "ఇది పాత సిలబస్ సార్, చెల్లుద్దా?" అన్నాడు.

సాయంత్రానికి బల్ల చుట్టూ ఇంత రచ్చ జరిగాక, మస్తాన్‌వలి తల గోక్కుంటూ సలహా ఇచ్చాడు. "సార్, ఇయ్యన్నీ పెద్దోళ్లయి. పిల్లకాయలు నిజంగా బయపడేది ఒకదానికే. అమ్మతోడు."

పట్టాభిరామయ్య గారి ముఖం వెలిగింది. "అద్భుతం! అమ్మకు కులం లేదు, మతం లేదు. ప్రతి విద్యార్థికీ ఒకరు ఉందురు. రేపటి నుంచి మాతృప్రమాణం!"

గురువారం తొలి గంట కొట్టేసరికే పిల్లలు ఒట్లు పెట్టేశారు. రెండో గంట కొట్టేసరికి అమ్మలు వచ్చేశారు.

ముందు నడిచింది బడి వంటమనిషి కోటమ్మ. ఆమె కొడుకు ఎనిమిదో తరగతి. చేతిలో సాంబారు గరిటె అలాగే ఉంది.

"ఏంది సారూ, నా మీద ఒట్టేయించినారంట?"

"అమ్మా, అది దేశం కొరకు..."

"దేశానికేమన్నా అయితే నేను చూసుకుంటా. నాకేమన్నా అయితే దేశం చూసుకుంటదా? నా కొడుకు నోరు తెరిస్తే అబద్ధం. పొద్దున పళ్లు తోముకున్నావా అంటే తోముకున్నానంటాడు, బ్రష్షు ఎండిపోయి ఉంటది. అట్టాంటోడు నా మీద ఒట్టేస్తే నేను బతకాలా వద్దా?"

"పొద్దున్నించి నాకు కళ్లు తిరగతన్నాయి," అన్నది వెనక నుంచి ఇంకొకావిడ. "మా వాడే. ఖాయంగా వాడు నోరు కదిలించలా."

"తీసేయండి సారూ! పెట్టిన ఒట్లన్నీ మీ చేత్తో మీరే తీసేయండి!"

ప్రభుత్వం పెట్టిన ఒట్టును తీసే అధికారం తన హోదాకు లేదని పట్టాభిరామయ్య గారు విన్నవించబోయారు. గరిటె ఒక జానెడు పైకి లేచింది. ఆయన ప్రతి పిల్లవాడి నెత్తి మీదా చేయిపెట్టి, "మీ అమ్మ మీద ప్రమాణం రద్దు చేయడమైనది" అంటూ మధ్యాహ్నం దాకా తిరిగారు.

అలసిపోయి కుర్చీలో కూలబడ్డాక ఆయనకొక విషయం తట్టింది. "ఈ రెండు రోజులలో ఏ ప్రమాణమూ చేయనివారు ఎవరైనా ఉన్నారా?"

ఒక్క చేయి పైకి లేచింది. సువార్తది.

"నేను చెయ్యలేదు సార్. ప్రతిజ్ఞ రోజూ చెప్తాను. ఒట్టు మాత్రం పెట్టను. మా ఇంట్లో ఎవురం పెట్టం. నిజం చెప్పేదానికి ఒట్టెందుకు, అబద్ధం చెప్పేదానికి ఒట్టెట్టా పెడతాం అంటది మా నాయనమ్మ."

"బైబిలు మీద కూడా?"

"దాని మీద అసలే పెట్టకూడదంట సార్."

పట్టాభిరామయ్య గారు మెల్లగా లేచి నిలబడ్డారు. వేటగాడు పులి అడుగులు చూసినప్పటి గాంభీర్యం. "మేడం, నివేదికలో రాయండి. నిరాకరణే ఒప్పుకోలు."

"సార్! రోజూ మైకులో చెప్పించేదే ఈ పిల్ల! ఊరంతా వింటుంది!"

"విన్నది మైకును. ఆమె నోటిని ఎవరు చూచినారు? ఆమె నాకు వీపు పెట్టి నిలబడును. నేను పిల్లల నోళ్లు చూచుచుందును."

సువార్త ఒక అడుగు ముందుకేసింది. "నేను పరీక్ష రాయాల మేడం," అన్నది కాత్యాయనితో. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఆ ఇంట్లో పదో తరగతి దాకా వచ్చిన మొదటి మనిషి ఆ పిల్ల. ఈసారి తప్పిపోతే మళ్లీ రాయించే ఓపిక వాళ్లకు లేదు, మిరప కోతలకు పంపేస్తారు. కాత్యాయనికి అది తెలుసు. పేరు ఇవ్వకపోతే తరగతి మొత్తానికీ అదే గతి అనీ తెలుసు.

"శనివారం ప్రతిజ్ఞ కాగానే సంతకం చేయండి," అన్నారు పట్టాభిరామయ్య గారు. "రేపు నేను రాను. జిల్లా సమావేశంలో మన బడి మీద ప్రసంగించవలెను."

శుక్రవారం ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. సువార్త మైకు ముందుకొచ్చింది. ఒక్క ముక్క తగ్గలేదు. చేతులు చాచారు, చెప్పారు, దించారు.

ట్యాబ్ కూయలేదు.

మస్తాన్‌వలి గేటు దగ్గరికి పరుగెత్తి తెరలోకి వంగి చూశాడు. "మేడం! పచ్చ! నూటికి నూరు!"

వెంటనే కాత్యాయని ఫోన్ చేసింది. అవతలి నుంచి పట్టాభిరామయ్య గారి గొంతు విజయగర్వంతో మోగింది. "చూచినారా! ఆ పిల్ల బడికి రాలేదు కదూ?"

"వచ్చింది సార్. చెప్పించింది కూడా ఆ పిల్లే."

"అయితే యంత్రం చెడినది" అని పెట్టేశారు.

కాత్యాయని ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆరో తరగతిలో ఒక నోరు తక్కువ. ఏడులో ఒకటి. టీచర్లను విడిగా నిలబెట్టినా ఒకటి. తరగతులు మారాయి, మనుషులు మారారు. మారకుండా ప్రతిసారీ వేదిక మీద ఉన్నదెవరు? ఆమె ఖాళీ కుర్చీ వైపు చూసింది. తర్వాత మస్తాన్‌వలి వైపు చూసింది. అతనూ ఆ కుర్చీనే చూస్తున్నాడు.

"మస్తాన్‌వలీ, రేపు విజిల్ జేబులోనే ఉంచుకో. నేను చెప్పేదాకా తియ్యొద్దు."

"నోట్లో పెట్టుకోమన్నా పెట్టుకోను మేడం."

శనివారం ఉదయం పట్టాభిరామయ్య గారు ఇస్త్రీ మడత నలగకుండా జీపు దిగారు. పిల్లలు వరసల్లో నిలబడ్డారు. సువార్త మైకు వైపు అడుగేసింది. కాత్యాయని ఆమె భుజం మీద చేయివేసి ఆపింది.

"సార్, అనుమానితురాలి చేత ఎట్లా చెప్పిస్తాం? పద్ధతి కాదు. ఈ రోజు ప్రతిజ్ఞ మీరు చెప్పించాలని బడి తరఫున మనవి."

మైదానం చప్పట్లతో మోగింది. పట్టాభిరామయ్య గారు కాదనడానికి నోరు తెరిచారు. చప్పట్ల మధ్య కాదనే మాట ఆయన సర్వీసులో ఎక్కడా నేర్చుకోలేదు. మైకు ముందుకొచ్చారు. మస్తాన్‌వలి "సావధాన్!" అన్నాడు. చేతులన్నీ ఒక్కసారిగా ముందుకు లేచాయి.

పట్టాభిరామయ్య గారు గొంతు సవరించుకున్నారు. "ఖహ్హూఁ."

"ఖహ్హూఁ!" అంది బడి.

ఆయన ఉలిక్కిపడ్డారు. పెదాలు తడుపుకున్నారు. కళ్లు పైకెత్తి, పక్కకు తిప్పి, జెండా కర్రను అడుగు నుంచి కొస దాకా చూశారు. కర్ర మీద ఏమీ రాసిలేదు.

"ఇందుమూలముగా..."

"ఇందుమూలముగా!"

"తెలియజేయునది ఏమనగా..."

"తెలియజేయునది ఏమనగా!"

"అది కాదు, ఆగండి."

"అది కాదు, ఆగండి!"

ఆయన మస్తాన్‌వలి వైపు దీనంగా చూశారు. మస్తాన్‌వలి కాత్యాయని వైపు చూశాడు. కాత్యాయని ఆకాశంలో ఎగిరే కొంగలను చూస్తూ ఉంది.

"మేడం, నాకు..."

"మేడం, నాకు!"

"గుర్తు రావడం లేదు."

"గుర్తు రావడం లేదు!"

గేటు దగ్గర ట్యాబ్ తెర పచ్చగా వెలిగింది. నూటికి నూరు. మొట్టమొదటిసారి, ఆయన ఉండగా.

ఆయన ఆ పచ్చదనం వైపు చాలాసేపు చూశారు. అప్పుడు కాత్యాయని ఊహించనిది జరిగింది. ఆయన చాచిన చేయి దించలేదు. మైకు ముందు నుంచి తప్పుకోలేదు. నిట్టూర్చి, పిల్లలు అందుకోవడానికి వీలుగా, ముక్క ముక్కకూ ఆగుతూ మొదలుపెట్టారు. బడి ఆయన వెనకే ప్రతి ముక్కనూ గట్టిగా అంటూ పోయింది.

"ఆ కదలని నోరు నాది. ఆ పిల్ల తప్పేమీ లేదు, ఆమె హాయిగా పరీక్ష రాసుకోవచ్చు. చిన్నప్పుడు నాకు ప్రతిజ్ఞ వచ్చేది. ఐదో తరగతిలో మా మాస్టారు నన్ను లీడర్ని చేసి, ఎవడు సరిగ్గా చెప్పడం లేదో చూసి పట్టుకోరా అన్నారు. ఆ రోజు నుంచి మిగతావాళ్ల నోళ్లే చూస్తున్నాను. చూసినందుకు నాకు బహుమతి ఇచ్చారు, ఉద్యోగం ఇచ్చారు, జీపు ఇచ్చారు. చెప్పమని మాత్రం ఎవరూ అడగలేదు. చూస్తూ చూస్తూ ఒక్కో ముక్కా మర్చిపోయాను. అది కూడా నిన్న మీ తెర పచ్చబడిందని ఫోన్ వచ్చాకే తెలిసింది. రాత్రి ఇంట్లో ఒంటరిగా చెప్పుకుందామని చూశాను, మొదటి ముక్క దగ్గరే ఆగిపోయాను. అమ్మా సువార్తా, ఇట్లా రా తల్లీ. నువ్వు చెప్పించు, నేను వెనకాల అంటాను."